గడ వేసేవాడి కళ్లు

బహామాస్ పది సెంట్ల నాణెం మీద రెండు చేపలుంటాయి. వాటి పేరు బోన్‌ఫిష్. నాణెం మీదికెక్కిన చేప కదా, ఆ దేశంలో ఇంటింటా పులుసు పెట్టుకునేదే అయ్యుంటుందనుకుంటాం. కానీ ఒళ్లంతా సన్నటి ముళ్లుండే ఈ చేపను అక్కడ వలేసి పట్టకూడదు, కొనకూడదు, అమ్మకూడదు. అయినా దీనికోసం సముద్రాలు దాటి మనుషులు వస్తారు. గాలంతో పట్టి, నీటి అంచున ఓ క్షణం చేతుల్లో నిలిపి, వదిలేసి వెళ్తారు. 2010లో వేసిన ఒక అంచనా ప్రకారం ఈ వేట వల్ల ఆ దేశానికి ఏడాదికి 14 కోట్ల డాలర్ల పైచిలుకు రాబడి. నాలుగు లక్షల జనాభా ఉన్న దేశానికి అది చాలా పెద్ద సొమ్ము.

ఇదంతా నిలబడింది పడవ వెనక నిలబడి గడ వేసే గైడ్ మీదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఈ వారం ఆయన గురించే రాయాలనుంది.

ఏప్రిల్‌లో నేనూ నా స్నేహితుడూ ఆండ్రోస్ దీవికి వెళ్లొచ్చాం. వాడిది కాకినాడ దగ్గర పల్లెటూరు, కోరింగ మడ అడవి పక్కనే. ఉద్యోగం ఫ్లోరిడాలో. నా చేతికి ఫ్లై రాడ్ ఇచ్చి విసరడం నేర్పింది వాడే.

ఆండ్రోస్ బహామాస్‌లో అన్నిటికంటే పెద్ద దీవి. ఉత్తర దక్షిణాలుగా వంద మైళ్ల పొడవుంటుంది. బైట్స్ అనే వెడల్పాటి ఉప్పునీటి పాయలు దాన్ని అడ్డంగా కోస్తాయి. తూర్పున పగడపు దిబ్బ. అది దాటగానే ‘టంగ్ ఆఫ్ ది ఓషన్’ అనే అగాధం, ఆరు వేల అడుగుల లోతు. పడమట మాత్రం మోకాలి లోతు కూడా లేని నీళ్లు, తెల్లటి సుద్దమన్ను, పొట్టి మడచెట్లు. ఎంత దూరం పోయినా ఊరన్నది దాదాపు కనబడదు. అక్కడివాళ్లు ఫ్లాట్స్ అనే ఆ మెరకల మీదికి పోటుతో పాటే బోన్‌ఫిష్ ఎక్కుతుంది. ఇసుకలో మూతి గుచ్చి రొయ్యల్నీ పీతల్నీ బయటికి లాగి, నోట్లోని గట్టి పలకలతో నలగ్గొట్టి మింగుతుంది. తల కిందికి దించినప్పుడు తోక నీటిపైకి లేచి మెరుస్తుంది.

మన కాలువగట్టు మీద గాలం వేస్తే ఎర బరువో సీసపు గుండో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో చివరనుండే ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువుండదు. ఈకలో, వెంట్రుకలో, తళుకు దారమో చుట్టిన చిన్న ముల్లది. బరువంతా లైనులోనే ఉంటుంది. తొమ్మిదడుగుల రాడ్‌తో ఆ లైనును వెనక్కి విసిరి, గాలిలో పూర్తిగా సాగనిచ్చి, అప్పుడు ముందుకు తోయాలి. రెండో చేత్తో లైనును గుంజి వేగం పెంచాలి. సముద్రగాలి మొహానికి కొడుతుంటే ఇది ఏళ్ల సాధన అడిగే విద్య. మావాడు ఇంటి వెనక గడ్డిలో అక్కడొకటి ఇక్కడొకటి పళ్లేలు పెట్టుకుని సాయంత్రాలు సాధన చేసి గురి తెచ్చుకున్నాడు. వాడు విసురుతుంటే చూడ్డానికే ముచ్చటేస్తుంది.

కానీ మెరక మీద ఊరికే విసిరితే ఏమీ పడదు. చేపను చూసి, అది వెళ్లే దారి చూసి, అప్పుడు విసరాలి. ఆ చూడడమే అన్నిటికంటే కష్టం. బోన్‌ఫిష్ పొలుసులు అద్దాల్లాంటివి, కింద ఏ రంగు నేల ఉంటే ఆ రంగే చూపిస్తాయి. కాబట్టి వెతకాల్సింది చేపను కాదు, దాని నీడను. నీడ లేనప్పుడు అలల వరసకు అడ్డంగా నీటి మీద ఓ చిన్న వణుకు. అదీ లేకపోతే అడుగున మట్టి రేగిన మసక. పోలరైజ్డ్ కళ్లద్దాలు నీటి మీది తళుకును కొంత తీసేస్తాయి, అంతవరకే. మబ్బొకటి సూర్యుడికి అడ్డొచ్చిందంటే అప్పటిదాకా కనబడినవన్నీ మాయమవుతాయి.

మా గైడ్ అరవై దాటినవాడు. వాళ్ల తాతగారు ‘ది మడ్’ అని పేరున్న పడమటి మెరకల్లో సముద్రపు స్పాంజ్ ఏరేవారట. అడుగున అద్దం బిగించిన బకెట్టును నీటికి ఆనించి చూస్తూ, పొడవాటి కర్రకున్న కొంకితో స్పాంజ్ పీకేవాళ్లు. 1938లో తెగులొచ్చి ఆ స్పాంజ్ దాదాపు అంతా చచ్చింది, దాని మీద బతికే ఊళ్లకు తెరువు లేకుండా పోయింది. నీటి అడుగును చదివే ఆ అలవాటు మాత్రం ఆ ఇంట్లో మూడో తరానికీ అందిందని ఆయన్ని చూస్తే అనిపించింది.

పడవ ముక్కు గడియారంలో పన్నెండు. అక్కణ్నుంచే లెక్క. మావాడు వట్టికాళ్లతో ముక్కున నిలబడ్డాడు, కాళ్ల దగ్గర చుట్టలుగా పడిన లైను పాదాల కింద తగిలితే తెలియాలని. వెనక ఎత్తు మీంచి గైడ్ గొంతు పెంచకుండా అన్నాడు: “పదకొండు గంటలు. యాభై అడుగులు. నాలుగున్నాయి, ఎడమకు వస్తున్నాయి.”

“ఏరా, నీకు కనబడ్డాయా?” అన్నాడు మావాడు.

“లేదురా.”

“రాడ్ అటు చూపించు,” అన్నాడు గైడ్. “ఇంకా ఎడమకు. ఇంకా. అదుగో, ఇప్పుడు సరిగ్గా వాటినే చూపిస్తున్నావు.”

రాడ్ కొస వెంట చూపు సారిస్తే గడ్డి అంచున బూడిదరంగు నీడలు కదిలాయి. ఈలోగా గైడ్ ఒక్క గడపోటుతో పడవను పక్కకు తిప్పాడు, విసిరే చేతికి అడ్డు లేకుండా. మావాడు చేపల ముందు ఆరేడు అడుగుల దూరంలో ఫ్లైని వాల్చాడు. “ఆగు. అడుక్కి దిగనీ. ఇప్పుడు లాగు, పొడుగ్గా. ఆపు.” ముందున్న చేప విడివడి ఫ్లై వెనకే వచ్చి తల వంచింది. “లాగు!”

ఇక్కడ రాడ్ ఎత్తకూడదు. ఎత్తితే ఫ్లై నోట్లోంచి జారి పైకొచ్చేస్తుంది. రాడ్‌ను చేపవైపే ఉంచి, చేత్తో లైనును తిన్నగా లాగి ముల్లు దించాలి. ఆ తర్వాత చేసేదేమీ లేదు, వదలడమే. పడవలోని లైనంతా ఎగిరిపోయి, దాని వెనకున్న సన్నటి దారం రీలు మీంచి పరుగుతీసింది. నాలుగు పౌన్లకు మించని చేప. అంత బలం ఎక్కడిదా అని ప్రతిసారీ ఆశ్చర్యపోతాను.

వంతులవారీగా ఒకరు ముక్కున నిలబడితే ఇంకొకరు మధ్యలో కూర్చుంటాం. నాకు కూర్చున్న వంతంటేనే ఎక్కువ ఇష్టం. అప్పుడే గైడ్ పని మొత్తం కనబడుతుంది. సూర్యుణ్ణి వీపున పెట్టుకోవాలి. గాలి విసిరే చేతివైపు నుంచి రాకూడదు. చేప సాధారణంగా ప్రవాహానికి ఎదురీదుతూ మేస్తుంది గనక పడవ ప్రవాహంతో పాటు దిగాలి. ఈ మూడూ ఒక్కసారి కుదిరే దారి ఒకటో రెండో ఉంటాయి. అది కూడా పోటు పెరిగేకొద్దీ మారిపోతుంటుంది. ఇవన్నీ లెక్కలో పెట్టుకుని, ఇద్దరు మనుషుల్ని మోస్తున్న పడవను, గడ రాయికి తగిలిన చప్పుడన్నది రాకుండా గంటలకొద్దీ నడపాలి. కళ్లు మాత్రం నీటి మీంచి తిప్పకూడదు.

ఈ వేట చరిత్ర తిరగేస్తే ప్రతి మలుపులోనూ ఒక గైడ్ ఉంటాడు. 1947లో ఫ్లోరిడా కీస్‌లో జో బ్రూక్స్ పనిగట్టుకుని బోన్‌ఫిష్‌ను ఫ్లైతో పట్టి, ఇది సాధ్యమేనని లోకానికి రాశాడు. ఆయన్ని చేపల దగ్గరికి చేర్చినవాడు జిమ్మీ ఆల్‌బ్రైట్. ఆ ఆల్‌బ్రైట్ పేరుతో ఉన్న ముడితోనే ఇవాళ్టికీ చాలామంది ఫ్లై లైనును వెనకదారానికి కలుపుతారు. ఇంజను మీద ఎత్తయిన మంచె కట్టి దాని మీంచి గడ వేయవచ్చన్న ఆలోచన బిస్కేన్ బేలో గైడ్‌గా పనిచేసిన బిల్ కర్టిస్‌ది. 1977లో ఇదే ఆండ్రోస్‌లో గాజుచేపల వెంటపడే బోన్‌ఫిష్‌ల కోసం బాబ్ నావ్‌హైమ్ ఒక ఫ్లై కట్టాడు. దాని తల మీద పూసలగొలుసు కళ్లు పెట్టడం వల్ల ముల్లు పైకి తిరిగి ఉంటుంది, అడుగున గడ్డికి చిక్కదు. ‘క్రేజీ చార్లీ’ అన్న ఆ ఫ్లై పేరు అక్కడి గైడ్ చార్లీ స్మిత్‌ది. నా పెట్టెలోనూ అవే ఎక్కువ.

బిమిని దీవి ఆన్సిల్ సాండర్స్ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆయన గైడ్, చెక్కపడవలు కట్టే పనివాడు. 1964లో మార్టిన్ లూథర్ కింగ్ నోబెల్ శాంతి బహుమతి ప్రసంగం రాసుకోవడానికి బిమిని వచ్చినప్పుడు ఆయన్ని మడకాల్వల్లోకి తీసుకెళ్లింది సాండర్సే. 1971లో సాండర్స్ పడవలోనే పదహారు పౌన్ల బోన్‌ఫిష్ పడింది. అంత పెద్దది దొరకడం మహా అరుదు. పుస్తకాల్లో పట్టినవాడి పేరు ముందుంటుంది. నేను రాస్తే వరస మారుస్తాను.

వదిలేయడంలోనూ గైడ్‌దే మాట. పట్టి వదిలేస్తే చేపకు బాధ కాదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. బాధే. అందుకే ఆ బాధ ప్రాణం మీదికి రాకుండా చూసే పూచీ మనది. ముల్లుకున్న ఎదురుకొక్కిని ముందే నొక్కేస్తాం. పొడిచేతులతో ముట్టుకోం, ఒంటి మీది జిగురు పోతుంది. నీళ్లలోంచి పైకి తీయం. ఎల్యూథెరా దీవి దగ్గర జరిగిన పరిశోధనలో, వదిలాక నిలకడ తప్పి ఒరిగిపోయే చేపలే సొరలకు ఎక్కువగా బలవుతాయని తేలింది. మావాడి చేప పడవ పక్కకు వచ్చినప్పుడు గైడ్ దానివైపు చూడలేదు. చుట్టూ నీళ్లు చూశాడు. దూరంగా ఓ లెమన్ షార్క్ నీడ వెళ్తోంది. అది మెరక దాటేదాకా చేపను నీళ్లలోనే నిటారుగా పట్టుకోమని, ఆ తర్వాతే వదలమన్నాడు. ఫోటో తీస్తానంటే తల అడ్డంగా ఊపాడు.

బోన్‌ఫిష్ గురించి నన్ను కదిలించే సంగతి ఇంకొకటుంది. మోకాలి లోతులో బతికే ఈ చేప గుడ్లు పెట్టడానికి అగాధానికి వెళ్తుంది. చలికాలపు నెలల్లో పున్నమి, అమావాస్యల చుట్టూ వేల చేపలు తీరాన గుమిగూడి, చీకటి పడ్డాక లోతు అంచు దాటి నాలుగు వందల అడుగుల కిందికి దిగుతాయి. తర్వాత వేగంగా పైకొచ్చి గుడ్లు విడుస్తాయి. పుట్టిన పిల్ల పారదర్శకంగా, సన్నటి రిబ్బనులా ఉండి, నలభై నుంచి డెబ్బై రోజులు నడిసముద్రంలో కొట్టుకుపోతుంది. ఆపైన పొడవు తగ్గి చేపరూపు తెచ్చుకుని మెరక చేరుతుంది. ఆ గుమిగూడే చోట్ల జాడ శాస్త్రజ్ఞులకు అందడంలో గైడ్ల మాట ఎంతో ఉపయోగపడింది. ఏ రేవులో ఏ వెన్నెలకు చేప గుమిగూడుతుందో వాళ్లకు ముందే తెలుసు.

ఈ మెరకల్ని కాపాడే ప్రయత్నాలూ ఉన్నాయి. 2002లో ఏర్పడిన ఆండ్రోస్ పడమటి తీరపు జాతీయ ఉద్యానాన్ని 2012లో దాదాపు పదిహేను లక్షల ఎకరాలకు పెంచారు. 2017 నుంచి బయటి దేశాలవాళ్లు ఈ మెరకల మీద వేటాడాలంటే లైసెన్సు తీసుకోవాలి. 2019లో డోరియన్ తుఫాను అబాకో, గ్రాండ్ బహామా దీవుల్లో మడచెట్లను నేలమట్టం చేశాక మొక్కలు నాటే పని మొదలైంది, అందులోనూ గైడ్లున్నారు. కోరింగ మడ అడవి కాకినాడకు తుఫాన్ల నుంచి ఎంత అండో చిన్నప్పటి నుంచీ చూసినవాడు మావాడు. అబాకో మొక్కల సంగతి గైడ్ చెబుతుంటే ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. చెట్టు ఎన్నాళ్లకు వేళ్లు దించుతుంది, పీతలు ఎప్పుడొస్తాయి, నాటినవాటిలో ఎన్ని బతుకుతున్నాయి.

ఆ మాటల మీదే కోరింగ కాలవల్లో చిన్నప్పుడు గడ వేశానని వాడు చెప్పాడు. గైడ్ మారు మాట్లాడకుండా గడ వాడి చేతికిచ్చి, దిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడు వెదురుగడకు అలవాటుపడ్డవాడు, ఈ తేలికపాటి గడ చేతికి కుదరడానికి కాసేపు పట్టింది. తర్వాత పడవ తిన్నగానే నడిచింది. మంచె మీంచి వాడికి నాకంటే బాగా కనబడాలి. అయినా ముందు పలికింది కింద నిలబడ్డ గైడే: “పది గంటలు, అరవై అడుగులు, ఒకటే ఉంది, పెద్దది.” నేను విసిరాను. చేప ఫ్లై దాకా వచ్చి, ఓసారి చూసి, దాని దారిన అది పోయింది. అప్పటికే ఆటు మొదలై మెరక మీద నీళ్లు తీస్తున్నాయి. ఇంకో అరగంట ఉంటే పడవ సుద్దమన్నులో కూరుకుపోతుందని ఆయన గడ వెనక్కి తీసుకున్నాడు.