‘సురక్షిత ప్రాంతం’ అనే మాట: రెండు ఆంగ్ల బాలల నవలల్లో యుద్ధకాలపు తరలింపు

1939 సెప్టెంబరు 1న బ్రిటన్‌లో మొదలైన పిల్లల తరలింపుకు ఆధారం ఒక పటం. అంతకు ముందటి సంవత్సరం నియమితమైన ఆండర్సన్ సంఘం ఆలోచన మేరకు దేశం మూడుగా విభజితమైంది: ఖాళీ చేయవలసిన ప్రాంతాలు, తటస్థ ప్రాంతాలు, ఆశ్రయమిచ్చే ప్రాంతాలు. కొద్ది రోజుల్లోనే సుమారు 15 లక్షల మంది నగరాలు విడిచారు. వారిలో 8 లక్షలకు పైగా తల్లిదండ్రులు వెంట లేని బడిపిల్లలే. ఆశ్రయమిచ్చిన ఇంటికి ఒక్క బిడ్డకైతే వారానికి పదిన్నర షిల్లింగులు, ఇద్దరు ముగ్గురైతే తలకు ఎనిమిదిన్నర షిల్లింగులు ప్రభుత్వం చెల్లించింది. ఈ ప్రణాళికలో భద్రతకు కొలమానం బాంబుకూ బిడ్డకూ మధ్యనున్న దూరమే. నీనా బాడెన్ ‘క్యారీస్ వార్’ (1973), మిషెల్ మగోరియన్ ‘గుడ్‌నైట్ మిస్టర్ టామ్’ (1981) ఆ కొలమానాన్ని ప్రశ్నించిన నవలలు.

వీటిని చదివే తెలుగు పాఠకులు ఒక భేదాన్ని గమనించవలసి ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు పట్టణాలు విడిచినవారు ఎక్కువగా కుటుంబాలతో సహా సొంత ఊళ్ళకో బంధువుల ఇళ్ళకో వెళ్ళారు. బ్రిటన్ పిల్లలు నిలబడింది ముక్కూమొహం తెలియనివారి గడపలో. అందువల్లనే ఈ నవలల్లో నిర్ణాయకమైనది బాంబుదాడి కాదు, ఎవరి ఇంట ఎవరు చేరుతారన్న విషయం.

మగోరియన్ నవలలో విల్లీ లండన్‌లోని డెట్‌ఫర్డ్ నుంచి ఒక పల్లెకు వచ్చి, ముభావియైన వృద్ధుడు టామ్ ఓక్లీ ఇంట చేరుతాడు. నగరపు పిల్లలు పక్క తడుపుతారన్నది ఆనాడు ఆశ్రయమిచ్చిన ఇళ్ళలో బహుళంగా వినిపించిన ఫిర్యాదు. రచయిత్రి దానిని ఆ పిల్లల పెంపకలోపంగా కాక భయానికి గుర్తుగా గ్రహించింది. టామ్ మందలించడు, దుప్పట్లు ఉతుకుతాడు. విల్లీ ఒంటిమీది దెబ్బలు తల్లి కొట్టినవి. అతనికి అపాయం ఆకాశంనుంచి కాక సొంత ఇంటినుంచే వచ్చింది. ఆ తల్లే పిలిపించగా అతడు లండన్‌కు తిరిగి వెళ్ళి చావు అంచుదాకా పోతాడు. అతని మిత్రుడు జాక్ కూడా గాయపడిన తండ్రికోసం అదే నగరానికి వెళ్ళి బాంబుదాడిలో మరణిస్తాడు. ఈ రెండు ప్రయాణాలను పక్కపక్కన ఉంచడమే నవల బలం. అయితే లోపమూ అక్కడే ఉన్నది. ఇద్దరి విషయంలోనూ కీడు నగరానిదే, మేలు పల్లెదే అయింది. ప్రభుత్వ పటాన్ని సందేహించడానికి బయలుదేరిన కథ చివరకు దానినే ధ్రువీకరించింది. పైగా పేద తల్లి క్రౌర్యానికి మతోన్మాదం తప్ప మరో కారణం వెతకలేదు.

బాడెన్‌కు ఈ సౌలభ్యం లేదు. ఆమె స్వయంగా బాల్యంలో వేల్స్‌కు తరలింపబడినది. క్యారీ తమ్ముడు నిక్ చేయి పట్టుకుని, తమను ఎవరూ కోరుకోరేమోనన్న దిగులుతో ఎదురుచూసే సన్నివేశంలో సంత పోలిక తప్పదు. వారికి ఆశ్రయమిచ్చిన దుకాణదారు ఎవాన్స్ దుర్మార్గుడు కాడు. మెట్లమీది తివాచీ అరిగిపోతుందని పిల్లల రాకపోకలను లెక్కించే మనిషి, అంతే. అటువంటి ఇంట్లో కొరడా దెబ్బలుండవు. మనసులోని మాట చెప్పుకోవడానికి మాత్రం తావుండదు. హాంప్‌స్టెడ్‌లో యుద్ధకాలపు శిశుసదనాలు నడిపిన ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ బాంబుదాడులకంటె తల్లినుంచి ఎడబాటే శిశువులను ఎక్కువగా కలచివేసినట్లు 1940లలోనే నమోదు చేశారు. బాడెన్ ఈ ఎడబాటును కన్నీళ్ళతో కాక మౌనంతో చిత్రించింది.

ఆ మౌనమే కథను ముప్పై ఏళ్ళు సాగదీస్తుంది. కోపంలో క్యారీ ఒక పాత పుర్రెను చెరువులోకి విసిరివేస్తుంది. అది ఇల్లు దాటితే ఆ ఇంటికి అరిష్టమని ఆమె విన్న కథ. ఊరు విడిచే రైలులోనుంచి చూస్తే తాను ప్రేమించిన ఆ ఇల్లు మండుతూ కనిపిస్తుంది. రైలు ఆగదు. తరలింపు బిడ్డను రావడానికీ అడగదు, పోవడానికీ అడగదు. ఆ మంటకు కారణం తానేనన్న నమ్మకంతో క్యారీ పెరిగి పెద్దదై, తల్లియై, భర్తను పోగొట్టుకుని ఆ ఊరికి వస్తుంది. లోయలోని ఆ ఇంటికి మొదట దిగి వెళ్ళేది ఆమె కాదు, ఆమె పిల్లలు. అక్కడ ఎవరూ చనిపోలేదని మొదట తెలిసేది కూడా వారికే.