ఆ పేరు ముద్దుపేరా?

మంథనిలో మేం యూదుణ్ణి చూసి ఎరగం. హిట్లర్‌ని మాత్రం ఎరుగుదుం. ఇంటిల్లిపాదినీ గదమాయించే పెద్దన్నకు పెట్టే పేరది. 1997లో చిరంజీవి నటించిన ‘హిట్లర్’ సినిమా ఆ వాడుకకే పట్టం కట్టింది. అందులో అన్న చెల్లెళ్లను కట్టడి చేస్తాడు గాని మనసు వెన్న. యూదుల ఊసే లేదు. మా అభ్యంతరం అక్కడే. అరవై లక్షల మంది యూదుల్ని చంపించినవాడి పేరు ముద్దుపేరైతే ఆ చావులు ఎవరికి యాదికొస్తాయి?

అయితే మా ఇంటినీ చూసుకోవాలి. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన చోట మా ఉర్దూలో ‘యహూదీ’ అని దొర్లుతుంది. పాలస్తీనా పక్షాన నిలబడటానికి ఆ తిట్టు అక్కర్లేదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే మాదిగలున్నారు. మన తెలుగువాళ్లే. గాజా మీద పడే బాంబుకు వాళ్లేం జవాబు చెప్తారు?

పాకిస్తాన్‌కు మమ్మల్ని జవాబుదార్లను చేస్తే కలిగే నొప్పిని ఖాదర్ మొహియుద్దీన్ 1991లో ‘పుట్టుమచ్చ’గా రాశారు. దాన్ని మా కావ్యమనుకున్న మేం అదే మచ్చను మరొకరి ఒంటికి అంటిస్తే ఎట్లా? మా పత్రికల్లో, తఖ్రీర్లలో ఆ మాట దొర్లినప్పుడు ముందు మేమే లేచి అడగాలి. అప్పుడే సినిమావాళ్లను అడిగే హక్కు మాకుంటుంది.