మూడు లక్షలు తిరిగిన బండి

మా టెక్కలి వైపు సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేవాడు ముందు అడిగే ప్రశ్న ఒక్కటే, "ఎంత తిరిగింది?" లక్షలోపు అంటే మొహం విప్పారుతుంది. రెండు లక్షలంటే బేరానికి గొంతు లేస్తుంది. మూడు లక్షలన్నామా, ఇక బానెట్ ఎత్తి చూసే ఓపిక కూడా ఎవరికీ ఉండదు. నాకు కార్ల పిచ్చి ఉందని తెలిసిన చుట్టాలూ స్నేహితులూ బండి చూడ్డానికి నన్ను వెంటబెట్టుకు పోతుంటారు. టీలూ టిఫిన్లూ వాళ్ళవే కాబట్టి నేనూ కాదనను. అలా తిరగ్గా తిరగ్గా నాకు కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, నౌపడ చుట్టుపక్కల కారుని ముసలిదాన్ని చేసేది తిరుగుడు కాదు, నిలకడ.

నౌపడ ఎరగనివాళ్ళకి రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, సముద్రానికి దగ్గరగా, ఎటు చూసినా ఉప్పు మడులున్న ఊరు. వేసవిలో రోడ్డు పక్కన తెల్లటి రాశులు. ఇక్కడి గాలిలో ఉప్పుందని కిటికీ ఊచలకి తెలుసు, గేటు గొళ్ళేనికి తెలుసు, సైకిల్ చైనుకి మరీ తెలుసు. కారు కొనేవాడికే తెలీదు.

మా బావ ఒకాయన కోసం ఒకే రోజు రెండు బళ్ళు చూశాం. ఒకటి రిటైరైన ఆఫీసరుగారిది. మీటరు మీద నలభై వేలు కూడా లేవు. పోర్టికోలో కవరు కప్పి, సీట్ల మీద ప్లాస్టిక్ అయినా తియ్యకుండా ఉంచారు. రెండోది పలాసలో ట్రావెల్స్ నడిపేవాళ్ళ ఇన్నోవా. మూడు లక్షలు దాటింది. స్టీరింగు మీద తోలు అరిగి నున్నగా మెరుస్తోంది, డ్రైవరు సీటు ఒక పక్కకి ఒరిగింది. బావ మొదటిదాని చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే, మేం తీసుకెళ్ళిన మెకానిక్ నేలమీద గోనెసంచి పరుచుకుని దాని కిందకి దూరాడు. "మీటరేటి సూత్తారు బాబూ, కిందకొచ్చి సూడండి" అన్నాడు. స్క్రూడ్రైవర్ వెనక కొసతో ఫ్లోరు రేకుని తడితే ఒకచోట ఠంగుమంది, ఇంకోచోట చప్పగా మోగింది. తలుపు కింద గడపలా ఉండే పట్టీ దగ్గరైతే రంగు పొక్కులు కట్టి ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయింది.

బావ ఆ ఆఫీసరుగారి బండే కొన్నాడు. మూడు లక్షలు తిరిగినదాన్ని ఇంటికి తెస్తే మా చెల్లెలు గుమ్మంలోకి రానివ్వదన్నాడు. ఏడాది తిరక్కుండా బండి టింకరింగు షెడ్డులో పడింది. ఇంజనుకి ఏ రోగమూ లేదు. దాన్ని మోసే రేకే లేదు.

ఇంజను అరుగుదల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్ళ భయమంతా దాని చుట్టూనే ఉంటుంది. రాత్రంతా ఆగిన ఇంజనులో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అది మళ్ళీ పైకెక్కి బేరింగులని, పిస్టన్ రింగులని తడపడానికి కాసేపు పడుతుంది. అరిగేది ఎక్కువగా ఆ కాసేపట్లోనే. చల్లటి ఇంజనులో ఇంధనం సరిగా కాలదు. కాలిన దాంట్లోంచి పుట్టే నీటి ఆవిరి ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ తడిగా చేరుతుంది. హైవే ఎక్కి గంట పరిగెత్తితే ఆ తడి ఎగిరిపోతుంది. ఇంటి నుంచి మార్కెట్టుకి, మార్కెట్టు నుంచి ఇంటికి తిరిగే బండిలో అది ఎక్కడికీ పోదు. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడ రంగు జిగురు కనిపించేది ఇలాంటి బళ్ళలోనే. సైలెన్సరు లోపల్నుంచి తుప్పు పడుతూ వచ్చి ఒకరోజు ఊడి రోడ్డు మీద పడుతుంది. క్లచ్చి ప్లేటుదీ అదే లెక్క. అది కిలోమీటర్లకి అరగదు, తొక్కుళ్ళకి అరుగుతుంది. పలాస నుంచి విశాఖ దాకా జాతీయ రహదారి మీద వెళ్ళొచ్చే బండిలో తొక్కుళ్ళు ఎన్ని? టెక్కలి సందుల్లో స్కూలు పిల్లల్ని దింపే బండిలో ఎన్ని?

ఇక్కడి ట్రావెల్స్ బళ్ళు లక్షలకి లక్షలు ఎందుకు తిరుగుతాయో బయటివాళ్ళకి తెలీదు. తీర్థయాత్రలూ పెళ్ళిళ్ళూ అనుకుంటారు. మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో చాలా ఏళ్ళు ఆ లెక్క వేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళు దగ్గర్లో డయాలసిస్ కేంద్రాలు లేనప్పుడు విశాఖ పోవాల్సి వచ్చేది. సోంపేట నుంచి రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. వారానికి రెండుసార్లు తిరిగితే ఒక్క మనిషి వైద్యం కోసమే ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు. తరవాత కేంద్రాలు దగ్గరకొచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. ఆ ప్రయాణాలు చేసిన పాత సుమోలూ క్వాలిస్‌లూ ఇన్నోవాలూ కొన్ని ఇప్పటికీ ఈ రోడ్ల మీదే ఉన్నాయి. వాటి డ్రైవర్లు బండిని ఎలా చూసుకునేవాళ్ళో నేను దగ్గరుండి చూశాను. వెనక సీట్లో నీరసించిన మనిషి పడుకుని ఉంటే విశాఖ దారిలో రణస్థలం దగ్గర బండి ఆగిపోకూడదు. కాబట్టి బయల్దేరే ముందు డిప్‌స్టిక్ తీసి చూడాల్సిందే. కూలెంటు తగ్గితే ఎందుకు తగ్గిందో తెలుసుకోవాల్సిందే. టైమింగ్ బెల్టు కంపెనీ పుస్తకంలో రాసిన దూరానికి మార్చాల్సిందే, ఇంకో పదివేలు చూద్దాంలే అనే మాట లేదు. ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి, ఆ ఖర్చులో సగం ఇంజను వస్తుంది.

అందుకే మూడు లక్షలు తిరిగిన బండి అంటే నిజానికి సగం కొత్త బండి. క్లచ్చి, షాకర్లు, బుష్‌లు, రేడియేటరు, ఆల్టర్నేటరు, ఇంజెక్టర్లు, అన్నీ ఒక విడత మారి ఉంటాయి. నలభై వేల బండిలో అవన్నీ పాతవే, ముందు ముందు మన జేబులోంచే మారాలి. ఒక్క చిక్కు మాత్రం ఉంది. పసుపు బోర్డు బండి కొని తెల్ల బోర్డు చేయించుకోవాలంటే పర్మిట్ సరెండరూ, టాక్సూ, ఆఫీసు చుట్టూ తిరుగుళ్ళూ తప్పవు. మా బావ భయంలో ఆ మాత్రం న్యాయం ఉంది.

ప్రపంచంలో ఎక్కువ దూరం తిరిగిన కార్ల కథలు కూడా ఈ మాటే చెబుతాయి. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు 1966లో కొన్న వోల్వో పి1800 మీద 2013లో 30 లక్షల మైళ్ళు పూర్తిచేశాడు. మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. ఆయన బడికి రోజూ రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల దాకా ప్రయాణం, అంతా పెద్ద రోడ్డు మీదే. గ్రీసులో గ్రెగొరియోస్ సచినిడిస్ అనే టాక్సీ డ్రైవరు కథ నాకు ఇంకా ఇష్టం. 1976 నాటి మెర్సిడెస్ 240డిని ఆయన సెకండ్ హ్యాండులో, అప్పటికే రెండు లక్షలు దాటి తిరిగాక కొన్నాడు. మన టెక్కలి బేరగాడైతే మొహం తిప్పుకునే బండి. దాన్ని 46 లక్షల కిలోమీటర్లు నడిపి 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. మధ్యలో ఇంజన్లు మారాయి. మరి తిరిగింది ఆ కారేనా అని వాదించేవాళ్ళున్నారు. నా మటుకు నాకు బాడీ నిలిస్తే కారు నిలిచినట్టే. ఇంజను దించి ఎక్కించొచ్చు. కుళ్ళిన ఛాసిస్‌ని ఎక్కడికి దించుతాం?

ఉప్పు పెట్టే బాధ మన ఒక్కరిదే కూడా కాదు. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి కార్లు ఇంజను కులాసాగా ఉండగానే కింద నుంచి రాలిపోతాయి. మిషిగన్‌లో ఉన్న తెలుగు కుర్రాడు పాత కారు కొనాలంటే టెక్సాస్ నుంచి వచ్చిన బండా అని ఆరా తీస్తాడు. మనకీ ఆ ఆరా కావాలి. బండి ఏ ఊళ్ళో పడుకుంది? పర్లాకిమిడి వైపు, లోపలి ఊళ్ళలో ఉన్న బండి వేరు, తీరాన ఉన్న భావనపాడు గాలి పీల్చిన బండి వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఎక్కడుందో కూడా అడగాలి. కొబ్బరిచెట్టు పడ్డ దెబ్బ టాపు మీద లప్పం కింద దొరుకుతుంది. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం రేకుని పట్టుకుంటుంది, లప్పాన్ని పట్టుకోదు. నీట మునిగిన బండి అంత తేలిగ్గా దొరకదు. సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర మట్టి చార కనిపిస్తుంది, వైరింగు కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము ఉంటుంది.

ఈ ఉప్పుగాలిలో యంత్రం బతకదని మాత్రం అనలేం. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు 1900లో ఈ నౌపడ నుంచే మొదలైంది. తరవాత గుణుపురం దాకా సాగి, బ్రాడ్ గేజి కోసం 2004లో ఆపేదాకా నడిచింది. ఆవిరి ఇంజను అంటే రోజూ మనిషి చెయ్యి పడాల్సిన వస్తువు. నూనె పొయ్యాలి, గ్రీజు పెట్టాలి, బూడిద తియ్యాలి, బాయిలరు కడగాలి. చెయ్యి పెట్టకుండా ఒక్క రోజు కూడా కదలదు కాబట్టే అన్నేళ్ళు కదిలింది.

కారు మనల్ని అలా అడగదు, అదే దాని చేటు. అందుకని నేను పెట్టుకున్న పద్ధతులు కొన్ని చెబుతాను. మొదటిది, కవరు కప్పను. పైన ఎండ ఆపుతుందేమో గాని, లోపల చెమ్మని పట్టి ఉంచుతుంది. గడ్డి మీద బండి ఆపను. కడిగేటప్పుడు పైన మెరుగు కోసం కాదు, కింద మట్టి కోసం కడుగుతాను. మట్టి ఉప్పునీ తడినీ పట్టుకుని రేకుకి అంటుకుని ఉంటుంది. తీరం పక్క ఊళ్ళలో చాలా బోర్లలో నీరే ఉప్పన, దాంతో కడిగితే కడగనిదే మేలు. కుళాయి నీళ్ళు పట్టి ఉంచుకుంటాను. తలుపుల అడుగున నీరు కారడానికి సన్నటి కన్నాలుంటాయి, చాలామంది వాటిని చూసే ఉండరు. అవి మట్టితో పూడితే వాననీరు తలుపులోనే నిలిచి లోపల్నుంచి తింటుంది. చీపురు పుల్లతో పొడిస్తే చాలు. పాత ఇంజనాయిలు కింద కొట్టించడం మన షెడ్లలో అలవాటు. రేకు ఆగుతుంది, నిజమే, కానీ అది రబ్బరు బుష్‌ల మీద పడితే అవి ఉబ్బి చెడతాయి, కాబట్టి ఎక్కడ కొడుతున్నాడో దగ్గరుండి చూడాలి. పని లేకపోయినా వారానికోసారి బండిని నరసన్నపేట దాకా తోలుకుపోతాను. డీజిలు దండగని ఇంట్లో అంటారు. తిరక్కపోతే అయ్యే దండగ బిల్లు రూపంలో వస్తుంది గాని, అది వచ్చేదాకా ఎవరికీ కనపడదు.

సర్కారు లెక్క మరోలా ఉంది. బజారు కిలోమీటర్లు చూస్తే, చట్టం ఏళ్ళు చూస్తుంది. సొంత కారుకి 15 ఏళ్ళ రిజిస్ట్రేషను, ఆ తరవాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ళకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. 15 ఏళ్ళు నిండిన ప్రభుత్వ వాహనాలకైతే 2023 ఏప్రిల్ నుంచి రెన్యువలే లేదు, తుక్కుకే. ఎండలో బాగా చూసుకున్న జీపూ, ఉప్పుగాలిలో వదిలేసిన జీపూ ఒకే తారీఖుకి చస్తాయి. పొగ ఎక్కువొదిలే పాత బళ్ళు పోవాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. కాకపోతే పుట్టినతేదీ చూడ్డం తేలిక, కిందకి దూరి చూడ్డం కష్టం. కష్టమైన పని చేసే ఆఫీసు ఏదైనా ఉంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

మా బండికీ వచ్చే వేసవిలో 15 నిండుతాయి. నీలం పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు, పికప్ తగ్గలేదు. కుడివైపు వెనక తలుపు కింద పట్టీలో చిన్న పొక్కు ఒకటి లేచింది. ఫీజు కట్టేలోపు దాన్ని కోయించి కొత్త రేకు వెల్డింగు పెట్టించాలి. టెక్కలి టింకరింగు ఆయన్ని అడిగితే, సంక్రాంతికి అందరి బళ్ళూ రంగులకొచ్చి షెడ్డు నిండిపోయింది, కనుమెల్లాక తీసుకురండన్నాడు.