ఎరుపు తప్పిన నెత్తురు

ఓ నెత్తురా! గండికోట ఎర్రబండలు చీల్చుకొని పెన్న ఉరికినట్టు ఒంట్లో ఉరికినదానివి, ఎందుకిట్లా వెలవెలబోతివి? కింది రెప్ప లాగి చూస్తే పాలిపోయిన తెలుపు. గోళ్లలో రంగు లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "రక్తం ఏడు పాయింట్లే ఉంది నాయనా" అన్న మాట ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలో ఎన్ని గడపల మీద పిడుగై పడిందో!

మూత్రపిండం మురికిని వడగట్టి ఊరుకునేది కాదు. ఎరిత్రోపొయిటిన్ (ఈపీఓ) అనే కబురును ఎముకల్లోని మజ్జకు పంపుతుంది. అది అందితేనే మజ్జ ఎర్రకణాలను కంటుంది. కిడ్నీ కుంగింది, కబురు సన్నగిల్లింది. పుట్టిన కణాలు కూడా 120 రోజుల ఆయుష్షు నిండకుండానే, విషాలు నిండిన నెత్తుట్లో రాలిపోతున్నాయి. ప్లేట్‌లెట్లు లెక్కకు ఉంటాయి, పనికి మొరాయిస్తాయి. పళ్లు తోముకుంటే చిగుళ్లు చెమరుస్తాయి.

ఇక డయాలసిస్సే దిక్కు: వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ధమనిని సిరతో కలిపి కుట్టిన ఫిస్టులా చేతిమీద వేలు పెడితే జుమ్మని అదురు. అక్కడే రెండు లావుపాటి సూదులు. యంత్రం యూరియాను కడుగుతుంది, పొటాషియంను దించుతుంది, కాళ్ల వాపు లాగేస్తుంది. ప్రాణం నిలబెడుతున్నదానికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయినా ఎరుపును మాత్రం పుట్టించలేదు. పైగా గొట్టాల్లో, ఫిల్టర్‌లో ప్రతిసారీ కాస్త నెత్తురు మిగుల్చుకుంటుంది, దానితో ఇనుమూ పోతుంది. అయ్యో, బంగారం తూచే ప్రొద్దుటూరులో ఇనుముకు కరువు! అందుకే ఈపీఓ సూది, ఐరన్ సూది. 1989లో అమెరికాలో ఆ ఈపీఓకు అనుమతి దొరికేదాకా రోగికి ఒకరు దానమిచ్చిన రక్తమే దిక్కు.

ఒక్క విడతకు యంత్రానికి సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్లు కావాలి. మంచం మీది మనిషికి? చాలామందికి రోజంతటికీ తాగేది లీటరు దాటకూడదు. పెన్న ఇసుకలో చెలమ తవ్వుకున్న జమ్మలమడుగు మనిషికి దప్పిక కొత్త కాదు. కుండ నిండుగా ఉండగా నాలుక పిడచగట్టడం కొత్త.

పులివెందుల తోటల్లో చీనీకాయ విరగకాసింది, అరటి గెలలు దిగాయి. నీరు కట్టి పెంచిన చేతికే అవి నిషిద్ధం, వాటిలోని పొటాషియం గుండెను ఆపగలదు. "ఒక్క తొన తింటానే" అని ఆ రైతు బతిమాలితే, ఇల్లాలు కళ్లనీళ్లు దిగమింగుకొని గంప పక్కకు జరుపుతుంది.

2007లో మొదలైన ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ డయాలసిస్ ఖర్చు మోసింది. బస్సు చార్జీలు, తోడు వచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలి, వారానికి మూడు దినాలు బీడుపడిన సేద్యం, ఇవి ఎవరు మోస్తారు?