చీపురు వాటా

ఈ వారం ఒక నర్సరీలో ఎండుటాకుల్ని ప్యాకెట్లలో పోసి అమ్ముతున్నారు. పైన ‘మల్చ్’ అని స్టిక్కరు. గేటు బయట అవే బాదం ఆకుల్ని ఊడ్చి, కుప్పేసి నిప్పంటించారు. ఈ శీర్షిక చదివేవాళ్లకి కుండీల్లో ఆకులు పరిచే నా పిచ్చి తెలిసిందే, మళ్లీ ఆ పాట అందుకోను.

అందుకోకుండా ఉండనూ లేను. మే ఎండలో మిద్దె మీద కుండీని కప్పకుండా వదిలేస్తే పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. రెండు మూడంగుళాల మందాన ఆకో, వరిగడ్డో పరిస్తే సాయంత్రం వేలు దింపినా చల్లగా తగులుతుంది. గడ్డిని బాగా దులిపి వేయండి, లేదంటే టమాటా కుండీలో నారుమడి లేస్తుంది. రంపపు పొట్టు పైపైన పరిస్తే ఫర్వాలేదు. మట్టిలో కలిపారా, అది కుళ్లేటప్పుడు మొక్కకి అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది.

ఇంత వాదించే నేను పెరిగింది మాత్రం ఆకు రాలితే ఊరుకోని ఇంట్లో. మా నాయనమ్మ వాకిలే కాదు, పెరడు కూడా ఊడ్చేది. ఆకంతా పెంటగుంతలోకే. ‘‘ఉంచవే’’ అంటే, ‘‘తేలు కుడితే నీ ఆకొచ్చి మందేస్తుందిట్రా?’’ అనేది. ఎండాకాలం మల్లెపాదుకీ అరటికీ మాత్రం మినహాయింపు. గెల కోసిన చెట్టుని నరికి, ఆ డొప్పలు చీరి పిలకల చుట్టూ పరిచేది. తొలకరి పడగానే కర్ర పెట్టి అన్నీ వెనక్కి లాగేసేది, మొదలుకి గాలాడాలని.

సుభాష్ పాలేకర్ ప్రకృతి సేద్యంలో నాలుగు సూత్రాలున్నాయి కదా. ఆచ్ఛాదన, అంటే మట్టిని ఇలా కప్పి ఉంచడం, వాటిలో ఒకటి. వాఫస ఇంకొకటి: మట్టిలో తేమతోపాటు గాలీ ఉండాలని. మన మిద్దెతోటల గ్రూపుల్లో మొదటిదాని ఫొటోలే తిరుగుతాయి. రెండోదాన్ని ఆ ముసలామె ఏ పుస్తకమూ చదవకుండానే పాటించింది.

తడిసిన గడ్డి కాండాన్ని ఆనుకుని ఉంటే వంగ మొదలు మెత్తబడి నల్లబడుతుంది. గడ్డెత్తి చూస్తే కింద నత్తల సంసారం. అందుకే ఏ కాలంలోనైనా కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. ముసురు పట్టిన వారంలో మొత్తం లాగేయండి. ఆకుకూర విత్తనం చల్లిన కుండీలోనైతే మొలక నిలదొక్కుకునేదాకా ఏదీ పరచొద్దు.

లాగేసిందాన్ని ఏం చేయాలంటారా? ఆరబెట్టి కంపోస్టు డబ్బాలో వంటింటి చెత్త ఒక పొర, ఇది ఒక పొర వేయండి. వాసన రాదు. మా అపార్టుమెంటు అసోసియేషన్ నుంచి అభ్యంతరమూ రాలేదు, ఇప్పటిదాకా.