పేటంతా కలిసి వేసిన బొమ్మలు

శాన్‌ఫ్రాన్సిస్కోలో 24వ వీధి బార్ట్ రైలు స్టేషన్ దగ్గర దిగి తూర్పు వైపు నడవండి. అది మిషన్ డిస్ట్రిక్ట్. అక్కడ గోడలు, గ్యారేజీ తలుపులు, చెక్క దడులు అన్నీ బొమ్మలే.

ఇది ఒహ్లోనీ ఆదివాసుల నేల. 1776లో స్పానిష్ మతగురువులు ఇక్కడ నెలకొల్పిన మిషన్ అనే క్రైస్తవ మతకేంద్రం వల్ల పేటకు ఆ పేరు వచ్చింది. తర్వాత ఐరిష్, జర్మన్, ఇటాలియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మెక్సికన్లు పెరిగారు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా యుద్ధాల నుంచి తప్పించుకున్నవారూ వచ్చి చేరారు.

మెక్సికన్ చిత్రకారుడు డియేగో రివేరా 1931లో ఈ నగరంలో ఫ్రెస్కోలు వేశాడు. ఫ్రెస్కోలో తడి సున్నపు గచ్చు మీద రంగు పూస్తే, గచ్చు ఆరుతూ రంగును తనలో కలుపుకుంటుంది. మిషన్ చిత్రకారులు రివేరా స్ఫూర్తిని తీసుకుని, ఆరుబయలు గోడలకు అక్రిలిక్ రంగులు వాడారు. బామీ ఆలీ అనే సందులో 1972లో మహిళా చిత్రకారులు మొదలుపెట్టిన పనిని, 1984లో మరెందరో కలిసి మధ్య అమెరికాలో శాంతి కోరుతూ సందు పొడవునా విస్తరించారు.

1977లో మొదలైన ప్రెసీటా ఐస్ సంస్థ ఈ పనిని సామూహిక విద్యగా నేర్పుతోంది. ఏ బొమ్మ వేయాలో ముందు పేటవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. గోడ కడిగి ప్రైమర్ పూస్తారు. కాగితం మీది నమూనాకు గళ్ళు కొట్టి, గోడ మీద అదే లెక్కన పెద్ద గళ్ళు గీసి, ఒక్కో గడినీ పెంచుకుంటూ పోతారు. విశాలమైన భాగాల్లో రంగులు పిల్లలూ ఇరుగుపొరుగువారూ నింపుతారు. ముఖాలూ చేతులూ చేయి తిరిగినవారు తీరుస్తారు. ఎండకూ వానకూ చెదరకుండా చివర రక్షణ పూత వేస్తారు. 18వ వీధిలోని విమెన్స్ బిల్డింగ్ గోడల మీద 1994లో ఏడుగురు మహిళా చిత్రకారులు ఎందరో సహాయకులతో వేసిన ‘మయెస్త్రాపీస్’ ఈ పద్ధతికి శిఖరం.

ఫ్రెస్కోకు ప్రాణమైన సున్నం ఇక్కడి వంటింట్లోనూ ఉంది. మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. తొక్క ఊడుతుంది, పిండికి జిగురు వస్తుంది, గింజలోని బి3 విటమిన్ ఒంటికి అందుతుంది. ఆ పిండితోనే మెక్సికన్ల టోర్టియాలు, సాల్వడార్‌వారి పుపూసాలు చేస్తారు. బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టు, పుపూసాలో చీజో చిక్కుడు గింజల ముద్దో పెట్టి పెనం మీద కాలుస్తారు. పుల్లని క్యాబేజీతో తింటారు. శాకాహారులు చిక్కుడు ముద్దలో పందికొవ్వు కలిపారేమో అడిగి తెలుసుకోవడం మంచిది.

అయితే టెక్ ఉద్యోగాలతో పెరిగిన అద్దెలు భరించలేక ఎన్నో లాటినో కుటుంబాలు పేట విడిచాయి. బొమ్మ గోడ మీద మిగిలినా, దాన్ని వేసినవారు పక్కన లేకపోతే మసకబారిన రంగును మళ్ళీ దిద్దేదెవరు? శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉన్న తెలుగువారు ఈ పేటకు తప్పక వెళ్ళాలి. ఊరికే ఫోటో తీసుకుని వచ్చేయకండి. అక్కడి చిన్న హోటల్లో తినండి, చిత్రకారుల సంస్థకు తోచినంత విరాళం ఇవ్వండి, పిల్లలకు ఆ గోడల కథ చెప్పండి.