ముందే రాయాల్సిన జవాబు

ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు ప్రతిపాదనను చాలామంది ‘అబ్‌స్ట్రాక్ట్’ అనే అంటారు. బ్యాచ్‌కి ముగ్గురో నలుగురో, వాళ్లకో గైడ్, మొదటి రివ్యూకి ముందు ఒకటి రెండు పేజీలు. సీనియర్ల రికార్డులోంచి పేరాలు తెచ్చి, టైటిల్ మార్చి, సంతకం పెట్టించుకుంటే ఆ గండం గడిచినట్టే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో మాత్రం అలా చేస్తే అసలు చదువే చేజారుతుంది. ప్రోగ్రామ్‌ను నడపకముందే ఏం రావాలో రాసిపెట్టుకోవడం టెస్టింగ్‌లో మొదటి పాఠం. ప్రపోజల్‌లో చేయాల్సిన పనీ అదే.

గ్లెన్‌ఫోర్డ్ మయర్స్ 1979లో వెలువరించిన ‘ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్’లో ఈ నియమాన్ని గట్టిగా పట్టుకున్నారు. రావలసిన ఫలితం ముందే రాసుకోకపోతే, తెర మీదికొచ్చిన తప్పు జవాబు కూడా సబబుగానే కనిపిస్తుందని ఆయన హెచ్చరిక. వరంగల్ విద్యార్థులకు ఈ శాస్త్రం కొత్తేమీ కాదు. హైదరాబాద్ జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూహెచ్) సిలబస్‌లో చదివినవాళ్లకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మెథడాలజీస్ అనే ‘ఎస్‌టీఎం’ పేపర్, బోరిస్ బైజర్ పుస్తకం, ఫ్లో గ్రాఫులు, పాత్ టెస్టింగ్ బాగా గుర్తుంటాయి. పరీక్షలో గ్రాఫు గీసి మార్కులు తెచ్చుకున్న విద్య ప్రాజెక్టు కాగితం దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవుతుందన్నదే నా బాధ.

‘సెలీనియంతో ఆన్‌లైన్ షాపింగ్ వెబ్‌సైట్ టెస్టింగ్’ అనే టైటిల్ తీసుకోండి. పనిముట్టు ఉంది, సైటు ఉంది, ప్రశ్న లేదు. ఏ తప్పు ఉండొచ్చని అనుమానిస్తున్నారు? ఆ అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? అది నిజమో కాదో ఎలా తేలుస్తారు? ఈ మూడింటికి జవాబు లేని కాగితం ఎన్ని పేజీలున్నా ప్రపోజల్ కాదు.

మన విద్యార్థులకు కంఠతా వచ్చిన ఒక లెక్కతోనే చూద్దాం. జేఎన్‌టీయూహెచ్ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉంటే ఇబ్బంది లేదు. 65 నుంచి 75 లోపు ఉంటే తగిన కారణం చూపి కండొనేషన్ అడగాలి. 65 కంటే తగ్గితే డిటెయిన్. దీనికి పది వరుసల కోడ్ చాలు. 80, 70, 60 అని మూడు విలువలిచ్చి టెస్ట్ చేస్తే మూడు దారులూ నడుస్తాయి, కవరేజీ రిపోర్టు నూటికి నూరు చూపిస్తుంది. ఇప్పుడు కోడ్‌లో ‘75 గానీ అంతకంటే ఎక్కువ గానీ’ అన్న షరతును ‘75 కంటే ఎక్కువ’ అని మార్చండి. సరిగ్గా 75 శాతం ఉన్న పిల్లవాడికి అన్యాయం జరిగింది, మూడు టెస్టులూ పాసయ్యాయి! 75నూ 65నూ విలువలుగా ఇచ్చినవాళ్లకే ఇలాంటి తప్పులు దొరుకుతాయి.

ఇలా కోడ్‌లో కావాలని చిన్న తప్పులు పెట్టి, మన టెస్టులు వాటిని పట్టుకుంటాయో లేదో చూడటమే మ్యుటేషన్ టెస్టింగ్. అలా తప్పు పెట్టిన ఒక్కో కాపీ ఒక మ్యూటెంట్; టెస్టు పట్టుకుంటే అది చచ్చినట్టు, లేకుంటే బతికినట్టు. డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ 1978లో రాసిన పరిశోధన పత్రంతో ఇది నిలదొక్కుకుంది. జావా ప్రోగ్రామ్‌లకు ఈ పని చేసిపెట్టే పిట్ అనే టూల్ ఉచితంగానే దొరుకుతుంది. కాబట్టి ‘80 శాతం కవరేజీ సాధిస్తాం’ అని రాసే బదులు, ‘హద్దు విలువలు చేర్చకముందు ఎన్ని మ్యూటెంట్లు బతికాయి, చేర్చాక ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఎందుకు మిగిలాయి’ అని రాస్తే ఆ ప్రాజెక్టుకు వెన్నెముక వస్తుంది. హద్దు దగ్గరే ఇంకో ప్రశ్న: హాజరు 74.6 అయితే 75గా లెక్కగట్టాలా? దానికి జవాబు కోడ్‌లో వెతక్కూడదు, నిబంధనల పుస్తకంలో వెతకాలి. సరైన జవాబు ఏదో తేల్చిచెప్పే ఇలాంటి ఆధారాన్నే టెస్టింగ్‌లో ‘ఒరాకిల్’ అంటారు. ప్రపోజల్‌లో అన్నిటికంటే కష్టమైన పేరా ఇదే. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

ఒరాకిల్ ఎంత చిక్కుదో తెలియాలంటే మన భాషనే టెస్ట్ చేయాలి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది గుర్తుందా? జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, దీర్ఘం వరసగా వస్తే ఐఓఎస్ 11.2.5 దాన్ని చూపించలేక చతికిలబడేది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిదిద్దింది. మన లిపిని లోతుగా టెస్ట్ చేయాల్సిన పని ఎంత మిగిలి ఉందో ఆ ఒక్క ఘటన చాటింది.

‘లక్ష్మి’లో ఎన్ని అక్షరాలు? పలక పట్టిన పిల్లలు రెండు అంటారు: ల, క్ష్మి. పైథాన్‌ను అడిగితే ఏడు అంటుంది, ఎందుకంటే యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి విడివిడిగా ఉంటాయి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం ఇరవై ఒకటి. యూనికోడ్ పాత నియమం ప్రకారం ముక్కలు చేస్తే నాలుగు: ల, క్, ష్, మి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నియమం మార్చాక తెలుగు సంయుక్తాక్షరం ఒక్క ముక్కగా నిలిచింది, అంటే లెక్క మళ్లీ రెండుకే వచ్చింది. పేరు నింపే గడికి ఇరవై బైట్ల హద్దు పెడితే చివరి గుడి మధ్యలో తెగి చదవరాని బైట్లు మిగులుతాయి. పదాన్ని తిరగేయమంటే కొన్ని ప్రోగ్రామ్‌లు గుడితో మొదలుపెడతాయి, ఏ హల్లుకూ అంటుకోని గుడితో!

ఇక్కడ ప్రపోజల్ తనంతట తానే తయారవుతుంది. ఓపెన్ సోర్స్‌లో దొరికే ఒక టెక్స్ట్ లైబ్రరీ తీసుకోండి, దాని వెర్షన్ నంబరుతో సహా రాయండి. లెక్కించడం, తిరగేయడం, కత్తిరించడం, ఈ మూడు పనులకే పరిమితం కండి. ఏ నియమాన్ని ఒరాకిల్‌గా తీసుకుంటున్నారో పేరు పెట్టి చెప్పండి. ఒత్తులు లేని పదాలు, ఒక ఒత్తు ఉన్నవి, ‘క్ష్మి’లా రెండున్నవి, కనిపించని గుర్తు మధ్యలో ఉన్నవి అని ఇన్‌పుట్లను తరగతులుగా విడదీయండి. ఒక్కో తరగతికి రావలసిన ఫలితాన్ని పట్టికలో నింపండి. ఒక సెమిస్టర్‌కు ఇంతకంటే పెద్ద పని అక్కర్లేదు.

షెడ్యూల్ గురించి ఎక్కువ చెప్పను. కాగితం ఇవ్వకముందే ఆ లైబ్రరీ మీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవుతుందా, దాంతో వచ్చిన పాత టెస్టులు నడుస్తాయా చూసుకోండి. చాలా బ్యాచ్‌లు తడబడేది అక్కడే.

పని పంపకం దగ్గర మాత్రం ఒక పట్టుదల ఉండాలి. డాక్యుమెంటేషన్ ఒకరికి, కోడింగ్ ఒకరికి, పీపీటీ ఇంకొకరికి అనే పాత పంపకం టెస్టింగ్‌కు పనికిరాదు. రావలసిన ఫలితాల పట్టిక రాసేవాళ్లు లైబ్రరీ కోడ్ చూడకూడదు. చూస్తే కోడ్ చేసేదే సరైనదని తెలియకుండానే రాసేస్తారు. టెస్టులు రాసేవాళ్లు ఆ పట్టికను మార్చకూడదు. ఫలితం తేడా వస్తే తప్పు పట్టికదా, కోడ్‌దా, నియమానిదా అని బ్యాచ్ అంతా కూర్చుని వాదించుకుని, ఆ వాదన రికార్డులో రాయాలి. వైవాలో ఎగ్జామినర్ అడగదగ్గ ప్రశ్నలన్నీ అందులోనే ఉంటాయి.

తప్పు ఒక్కటీ దొరక్కపోతే? ప్రపోజల్‌లో దానికీ చోటుండాలి. ఏ తరగతుల్లో ఎన్ని ఇన్‌పుట్లు ఇచ్చాం, ఎన్ని మ్యూటెంట్లను చంపాం, ఏ వైపు అసలు చూడలేదు అని చెప్పగలిగితే అది పూర్తి ఫలితమే. తప్పు దొరికితే ఆ వెర్షన్, ఆ పదం, వచ్చినది, రావలసినది జతచేసి లైబ్రరీ నడిపేవాళ్లకు బగ్ రిపోర్టు పంపాలి, టెస్టును కూడా ఇవ్వాలి. వాళ్లు దాన్ని తమ టెస్టుల్లో కలుపుకుంటే, ఆ లైబ్రరీలో ఎవరు ఏ మార్పు చేసినా ‘లక్ష్మి’ని ముక్కలు చేయకుండా ఆపేది హన్మకొండలో ఒక బ్యాచ్ రాసిన ఆ టెస్టే అవుతుంది.